చిత్తూరులో ఒక పగడం

వేసవి ముదిరేకొద్దీ జాడీలో నీళ్లు తగ్గుతున్నాయి, ఉప్పు పెరుగుతోంది. తెల్లవారి లేవగానే సంతోషమ్మ మొదట చేసే పని ఆ ఉప్పు ఎంత పెరిగిందో చూడటం. పాలలో నీళ్లు కలిపారా లేదా అని చూసే గాజుకాయ ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని జాడీలోకి వదిలితే నిలువుగా తేలుతుంది. మంచి సముద్రపు నీళ్లలో అది ఎంతవరకు మునగాలో అక్కడ ఎర్రగా ఒక గీత గీసి పెట్టుకుంది. గీత నీటి పైకి లేచి కనబడితే ఉప్పు ఎక్కువైనట్టు. అప్పుడు ఆవిరి పట్టి చల్లార్చిన మంచినీళ్లు గరిటెతో కొంచెం కొంచెంగా పోసి, గీత మళ్లీ నీటి అంచుకు దిగేదాకా వంగి చూస్తూ ఉండేది.

"ఈ పొద్దు ఎంత లేసింది మా?" అని వెనకనుంచి అడిగాడు తండ్రి శాంతయ్య.

"గింజంత లేసింది నాయనా."

"గింజంతేనా? అయితే తడిగోనె బాగానే పనిచేస్తాండాది."

శాంతయ్య మిషను ఆసుపత్రిలో కంపౌండరుగా పనిచేసి మానుకున్నవాడు. మానుకున్నా చేతులు ఊరుకోవు. జాడీని ఇసక తొట్టిలో దించి, ఇసకను తడిపి, చుట్టూ గోనెపట్టా కప్పి, కుండలో నీళ్లు చల్లబడినట్టు చల్లబడే ఏర్పాటు చేసింది ఆయనే. జాడీ పైన గోడకు ఒక రేకుడబ్బా వేలాడదీసి, దానికి రబ్బరు గొట్టం, గొట్టానికి నీటిధార తగ్గించే నొక్కు బిగించి, ఉప్పునీళ్లు చుక్క చుక్కగా పడేటట్టు చేసింది కూడా ఆయనే. చుక్క పడ్డప్పుడల్లా నీళ్లలోకి ఇంత గాలి పోతుంది. నిండిన జాడీలోంచి నీళ్లు ముంచి మళ్లీ డబ్బాలో పోయడం తండ్రీకూతుళ్లు వంతులవారీగా చేస్తున్నారు.

సంతోషమ్మ మద్రాసులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చదివి, అక్కడే పరిశోధన చేస్తూ వచ్చింది. విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపానువాళ్ల బాంబులు పడ్డాక మద్రాసు సగానికి సగం ఖాళీ అయింది. జనం బిందెలు, పెట్టెలు, పరుపుచుట్టలు మోసుకుని రైళ్లెక్కుతుంటే, ఆమె రెండు గాజుజాడీలూ సముద్రపు నీళ్లు నింపిన పెద్ద సీసాలూ తెచ్చుకుని చిత్తూరులో దిగింది. ఆ సీసాలు చూసి స్టేషన్లో కూలీ ఒకడు, "సారాయా మా?" అని గొంతు తగ్గించి అడిగిన సంగతి శాంతయ్య ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.

జాడీల్లో ఉన్నవి పగడాలు. ఉంగరంలో పొదిగే ఎర్రపగడం కాదు. పాంబన్ దగ్గర తిప్పలనుంచి తెచ్చినవి. పిడికెడంత రాయి, రాయి నిండా గుంటలు, గుంటకొక జీవి. ఆ జీవుల ఒంట్లో కంటికి ఆననంత చిన్న నాచు కణాలు కాపురముంటాయి. నాచును ఈ జీవి తింటుందా, నాచే ఈ జీవికి పెడుతుందా, లేక రెండూ ఊరికే ఒక చోట పడి ఉంటాయా? సంతోషమ్మ రెండేళ్లుగా పట్టుకుని కూర్చున్న ప్రశ్న ఇది. ఒక జాడీని కిటికీ వెలుతురులో ఉంచింది. రెండోదానిమీద నల్లగుడ్డ కప్పింది. రెండింటికీ మేత ఏమీ వెయ్యలేదు. నల్లగుడ్డ కిందిది మొదట పాలిపోయింది, తరవాత సున్నంలా తెల్లబడింది, మొన్న ఉదయం చూస్తే మెత్తని ఒళ్లు రాయిని వదిలేసి నీళ్లలో పీలికలుగా తేలుతోంది. కిటికీ దగ్గరిది మాత్రం గోధుమరంగు వాడకుండా, మబ్బు పట్టినప్పుడల్లా చేతివేళ్లలాంటి సన్నని వేళ్లు చాపుతూ, ముడుస్తూ ఉంది.

"ఇంత కండ్ల ముందర కనబడతా ఉంటే మీ ప్రొఫెసరు లేదంటాడేందిమా?" అన్నాడు శాంతయ్య.

"నేను చేసిన స్లైడులన్నీ మైక్రోస్కోపులో చూసినాడు నాయనా. నాచు ఒకేచోట కుదురుగా ఉండేది, వెలుతురులో పెరిగేది, అన్నీ ఉండాయి వాటిల్లో. చూసి, 'నాకేమీ కనబడలేదు' అన్నాడు. కాలేజీ కమిటీ ముందర కూడా ఆ మాటే చెప్పినాడు. ఆయన చెప్పినాక ఇంగ వేరేవాళ్లు చూస్తారా?"

ఆ ఒక్క మాటతో ఆమె పరిశోధన ఆగిపోయింది. కాలేజీ మళ్లీ తెరిచేటప్పటికి ఆమె బల్ల మరొకరికి ఇస్తారు. కాలేజీ ఆఫీసును తాత్కాలికంగా చిత్తూరుకే మార్చారు. వచ్చేవారం కమిటీ ఇక్కడే కూడుతుంది. ఆలోగా ఏదన్నా జరగాలి.

"ఆయన యాడుండాడిప్పుడు?"

"తిరుపతిలో. సొంతూరే గదా." సంతోషమ్మ గరిటె పక్కన పెట్టింది. "స్లైడు పనికిరాదంటే జీవాన్నే తీసుకపోయి ముందర పెడతాను నాయనా. ఆయన ముందరే ఇంత కత్తిరించి చూపిస్తాను."

"దారిలో పోతేనో? ఉండేది ఇదొక్కటే."

"ఈడుంటే మాత్రం ఎన్నాళ్లు? సీసాల్లో నీళ్లు అడుక్కొచ్చినాయి."

శాంతయ్య గొట్టం నొక్కు కొంచెం బిగించాడు. "సరే, బుట్ట యాడుండాదో సూస్తాను," అని లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దుటి బండికి సంతోషమ్మ తిరుపతికి బయలుదేరింది. జాడీని వెదురుబుట్టలో పెట్టి చుట్టూ తడిగోనె కూరారు. శాంతయ్య స్టేషను దాకా గొడుగు పట్టాడు, కూతురికి కాదు, బుట్టకు.

ఆడవాళ్ల పెట్టె కిటకిటలాడుతోంది. మద్రాసు విడిచి వచ్చినవాళ్లు, కొండకు పోయే మొక్కుబళ్లవాళ్లు, మూటలమీద మూటలు. కాణిపాకం పక్క పల్లెనుంచి వస్తున్న గంగులమ్మ అనే పెద్దావిడ కాళ్లు మడుచుకుని, "ఈడ కూసో మా," అని జానెడు చోటు చేసింది. కూర్చున్నాక బుట్టలోకి తొంగి చూసింది.

"ఏంది మా, పాలా?"

"సముద్రపు నీళ్లమ్మా."

"సముద్రపు నీళ్లా! తానానికా?"

సంతోషమ్మ నవ్వి గోనె పక్కకు తీసింది. బుట్ట నీడలో పగడం విచ్చుకుని ఉంది. గుంట గుంటకూ చుట్టూ వెంట్రుకల్లాంటి వేళ్లు, నీళ్లు కదిలినప్పుడల్లా కదులుతున్నాయి. గంగులమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, యేళ్లాడిస్తాండాదే! ఇది రాయా, పురుగా?"

"రాయి అది కట్టుకున్న ఇల్లమ్మా. లోపలుండేది జీవి."

"ఏం తింటాది?"

"నెలలైంది, నేనేమీ పెట్టలేదు."

"పాపం మా! చదువుకున్నట్టుండావు, నోరులేనిదాన్ని కడుపు మాడుస్తావా?"

ఆ మాట సంతోషమ్మకు గుచ్చుకుంది. ఎన్నోసార్లు తనకే అనిపించిన మాట అది. "దీని ఒంట్లో నాచు ఉండాదమ్మా. ఎండ తగిలితే చెట్టు మాదిరి ఆ నాచు ఆహారం చేసుకుంటాది. దాంట్లో దీనికింత పెడతాదని నేనంటాను. పెట్టదని మా సారంటాడు."

గంగులమ్మ ఆలోచించింది. "ఒకింట్లో ఉండి పెట్టకుండా ఎట్లుంటాది మా?" అంది తీర్పు చెప్పినట్టు. మళ్లీ తనే తల అడ్డంగా ఊపి, "ఉంటాదిలే. మా పెద్దకోడలుండాది గదా," అంది. పెట్టెలో ఆడవాళ్లంతా గొల్లుమన్నారు.

పాకాలలో ఇంజను తగిలించేటప్పుడు బండి ఒక్క ఊపు ఊగింది. జాడీ ఒరిగింది. సంతోషమ్మ పట్టుకునేలోపల గంగులమ్మ రెండు చేతులూ చాపి జాడీని కడుపుకు అదుముకుంది. నీళ్లు తొణికి ఆమె కొంగు తడిసింది. జాడీలోంచి దోసెడు నీళ్లు పోయాయి గాని పగడం చెక్కుచెదరలేదు. సంతోషమ్మ జాడీని చుట్టూ తడిమి, ఎక్కడా చీలిక లేదని తేల్చుకునేటప్పటికి బండి పాకాల దాటింది. గంగులమ్మ తడి కొంగు పిండుకుంటూ, ఏమనుకుందో ఏమో, వేలి కొన నాలికకు తాకించుకుంది.

"అబ్బా! ఇంత ఉప్పా!" కళ్లు పెద్దవి చేసింది. "అందురూ సెప్పేదే గాని నేను సూసిందాన్ని గాదు మా సముద్రం. ఇట్లుంటాదా?"

చంద్రగిరి కోట వచ్చి వెనక్కి పోయింది. తిరుపతిలో దిగేదాకా జాడీ ఆమె ఒళ్లోనే ఉంది. ఇమ్మన్నా ఇవ్వలేదు.

ప్రొఫెసరు తిరుమలయ్య ఇల్లు గోవిందరాజస్వామి గుడికి దక్షిణాన ఒక సన్నని వీధిలో ఉంది. తలుపు తీసింది ఆయన భార్య వరలక్ష్మమ్మ. సంతోషమ్మను చూసి నవ్వబోయి, బుట్ట చూసి ఆగింది.

"ఆయన పడుకోనుండారు మా. ఒంట్లో బాగలేదు. ఇంగో దినం..."

"ఎవరది?" అని లోపలినుంచి గొంతు వినబడింది.

"నేను సార్, సంతోషమ్మ."

లోపల కుర్చీ కిర్రుమంది. తరవాత, "రా మా. ఎండలో నిలబడొద్దు. లోపలికి రా," అన్నాడాయన.

లోపలి గదిలో గోడ పొడవునా అలమరల్లో సీసాలు. స్పిరిటులో తెల్లబడిన చేపలు, పొడుగు కాళ్ల రొయ్యలు, సముద్రపు నక్షత్రాలు. అన్నీ లోతు సముద్రంనుంచి ఆయన పడుచువయసులో ఓడమీద తిరిగి వల దించి తీసినవి. తిరుమలయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ముఖం కిటికీ వైపు తిప్పి ఉంది. వరలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చి, అక్కర లేనంత చప్పుడు చేస్తూ గ్లాసు ఆయన చేతి పక్కన బల్లమీద పెట్టింది.

సంతోషమ్మ వచ్చిన పని చెప్పింది. చీకట్లో ఉన్నది ఎట్లా చచ్చిపోయిందో చెప్పింది. ఆయన సాంతం విన్నాడు.

"లోతు సముద్రంలో వెలుతురు అనేదే లేదు సంతోషమ్మా. ఆడ గూడా పగడాలుండాయి, నాచు లేకుండానే బతుకుతుండాయి. ఇది నీకెన్నిసార్లు చెప్పినాను?"

"ఇది ఆ జాతి కాదు గదా సార్. ఒక్కసారి చూడండి. ఇప్పుడే మీ ముందరే కత్తిరించి పెడతాను."

"చూస్తానులే," అన్నాడాయన. ఆ మాటలో ఉత్సాహం లేదు.

ఆయన సొంత మైక్రోస్కోపు కిటికీ దగ్గర గుడ్డ కప్పి ఉంది. వరలక్ష్మమ్మ గబగబా వచ్చి గుడ్డ తీసి విదిలిస్తే దుమ్ము లేచింది. సంతోషమ్మ సన్నకత్తెరతో పగడం వేలి కొన ఒకటి కత్తిరించింది. గాజుపలకమీద పెట్టి, పైన పలచటి గాజు కప్పింది. ఒక చేత్తో పలకను పట్టుకుని, రెండో చేత్తో మైక్రోస్కోపు అద్దం తిప్పి కిటికీ వెలుతురును గొట్టంలోకి మళ్లించింది.

"వెలుతురు బాగా పడతా ఉండాది సార్," అంది. పలక అడుగున తడి తుడుద్దామని గుడ్డముక్క కోసం చూసింది.

తిరుమలయ్య లేచాడు. బల్ల అంచును చేత్తో తడిమి, వంగి, ఒక కన్ను మూసి రెండో కన్ను గొట్టానికి ఆనించాడు. ఆ వేళ్లు ఇత్తడి మర తిప్పుతుంటే చూడముచ్చటగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ నిదానించాలో వాటికి తెలుసు. కాస్త ముందుకు, కాస్త వెనక్కి, మళ్లీ వెంట్రుకవాసి ముందుకు.

"ఊఁ," అన్నాడు. "రొంత దుమ్ముండాది. నువ్వు చెప్పే గుండ్రటి కణాలు మాత్రం... లేదు సంతోషమ్మా. నాకేమీ కనబడలేదు."

సంతోషమ్మ తన ఎడమచేతి వంక చూసుకుంది. పలక ఇంకా ఆ చేతిలోనే ఉంది.

తల ఎత్తితే గది గడప దగ్గర వరలక్ష్మమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా ఆ పలకనే చూస్తోంది. కళ్లలో నీళ్లు నిండాయి. వద్దన్నట్టు తల కొంచెం ఊపింది.

సంతోషమ్మకు ముందు వచ్చింది జాలి కాదు. ఒళ్లంతా మంట పుట్టింది. రెండేళ్లు తను చేసిన స్లైడులన్నింటిమీదా ఈయన ఇట్లాగే వంగాడు, ఇట్లాగే మర తిప్పాడు, ఇట్లాగే తల అడ్డంగా ఊపాడు. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలిక కొస దాకా వచ్చింది. ఆయన ఇంకా వంగే ఉన్నాడు, కళ్లకు ఏదో దొరుకుతుందేమో అన్నట్టు మర తిప్పుతూనే ఉన్నాడు.

పలకను చప్పుడు కాకుండా బల్ల చివర పెట్టి, "మంచినీళ్లు తాగొస్తాను సార్," అని పెరట్లోకి పోయింది.

వరలక్ష్మమ్మ వెనకే వచ్చింది. బావి గట్టు పట్టుకుని నిలబడి మెల్లగా మాట్లాడింది.

"రెండేండ్లు దాటింది మా. అద్దాల డాక్టరు నీటికాసులన్నాడు. శుక్లమయితే తీసేవాళ్లంట, దీనికి తీసేదానికి లేదంట. ఎదురుగా మనిషి ఉండేది తెలుస్తాది, ఎవురైందీ తెలీదు. నేను ముందర నడుస్తా గాజులు కదిలిస్తాను, ఆ సద్దుకు ఆయన వస్తాడు. తోడబుట్టినోళ్లకు కూడా చెప్పలా. కాలేజీలో తెలిస్తే ఆ పొద్దే ఇంట్లో కూసోమంటారని ఆయన భయం."

"నా పని పోయిందమ్మా దీంతో."

వరలక్ష్మమ్మ తల దించుకుంది. "తెలుసు మా. నువ్వు వచ్చి పోయిన పొద్దల్లా ఆయన అన్నం తినడు. నేను నీకేం చెప్పగలను? చెప్పొద్దని అడిగే ముఖం కూడా నాకు లేదు."

సంతోషమ్మ చేదలోంచి నీళ్లు దోసిట పట్టి ముఖం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తరవాత లోపలికి వెళ్లింది. ఈసారి పలకను మైక్రోస్కోపు కింద సరిగా అమర్చింది.

"మీరు కూచోండి సార్. నేను చూసి చెప్తాను."

ఆయన కదలలేదు. "వరలక్ష్మి చెప్పిందా?"

"లేదు సార్. ఇందాక పలక నా చేతిలోనే ఉండిపోయింది."

తిరుమలయ్య కుర్చీ చెయ్యి తడుముకుని కూర్చున్నాడు. వీధిలో ఎవరో మల్లెపూలు అమ్ముకుంటూ పోయారు. ఆ కేక దూరమయ్యాక అన్నాడు. "కనబడలేదని చెప్పినాను. అది అబద్ధం కాదు. అబద్ధం కాదు గదా అని నాకు నేనే చెప్పుకుంటా వచ్చినాను. నీకు అన్యాయం చేసినాను మా."

అట్లా అనకండి సార్ అనాలి. పెద్దవాళ్ల దగ్గర అనే మాట అదే. సంతోషమ్మకు ఆ మాట రాలేదు.

"చేసినారు సార్," అంది.

ఆయన తల ఊపాడు. ఆ జవాబు విన్నాక ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"చెప్పు. ఏం కనబడతా ఉండాది?"

ఆమె కన్ను ఆనించింది. "వేలి కొన సార్. పైపొర తేటగా ఉండాది. లోపలి పొరలో గుండ్రటి కణాలు. తేనెరంగు. ఒకదానికొకటి ఆనుకుని, గుంపులుగా."

"అంచులు నున్నగా ఉండాయా, కొరికేసినట్టుండాయా?"

"నున్నగా ఉండాయి సార్."

"అయితే అరగలేదు. నాచును పగడం తినడంలేదు. రెండుగా చీలేవి ఏమన్నా ఉండాయా? తొందరపడొద్దు, బాగా చూసి చెప్పు."

ఆమె వెతికింది. "ఉండాయి సార్! ఒకటి... ఇంకోటి. నడిమిన గీత పడి ఉండాది."

"అట్లనా!" ఆయన ముందుకు వంగాడు. క్లాసులో సుద్దముక్క పట్టుకుని నడిచేటప్పటి గొంతు అది. ఆ గొంతు విని సంతోషమ్మకు, తను ఈ చదువులోకి ఎందుకు వచ్చిందో గుర్తొచ్చింది. ఆయన అడుగుతూ పోయాడు, ఆమె చూసి చెబుతూ పోయింది. తన కళ్లతోనే ఇన్నాళ్లూ చూసినా చూడనివి రెండు మూడు ఆయన అడిగాక కనబడ్డాయి. వరలక్ష్మమ్మ అన్నానికి పిలిచి, ఎవరూ పలక్కపోతే మళ్లీ వెళ్లిపోయింది.

చివరికి ఆయన లేచి, అలమరలో చెయ్యి పెట్టి, వరసలు తడిమి, తడబడకుండా ఒకటి తీశాడు. గరాటు ఆకారంలో, సన్నటి పలకల్లాంటి గోడలతో ఒక చిన్న తెల్లని పగడం. ఆమె అరచేతిలో పెట్టాడు.

"లోతునుంచి వచ్చింది ఇది. ఓడమీద నడినెత్తిన ఎండ కాలుస్తా ఉండాది. వల పైకి వచ్చింది, బురదలో చేతులు పెట్టినాను. వేళ్లు కొంకర్లుపోయినాయి మా, అంత చలి ఆ బురద. ఆడ సూర్యుడే లేడు, చలి, చీకటి. అందులో ఇది ఒంటరిగా, నోటికి తగిలింది పట్టుకు తిని బతికింది. అప్పటినుంచి నాకు పగడమంటే ఇదే. నాచు తోడు లేకుండానే బతుకుతాదని నమ్మినాను." అలమర తలుపు వేశాడు. "నీది వేరే మాదిరి బతుకు. కావచ్చు. అయితే ఒకటి అడుగుతాను. నీ జాడీలో నీళ్లు వడగట్టినావా?"

"గుడ్డతో వడగట్టినాను సార్."

"గుడ్డలో దూరిపోయేవి సముద్రపు నీళ్లలో ఎన్నుండవు? ఆ చీకటి జాడీలో అవి చచ్చిపోయి ఉంటాయి, వెలుతురు జాడీలో పెరిగి ఉంటాయి. నీ పగడం వాటిని తిని బతికిందని నేనంటే ఏం చెప్తావు?"

సంతోషమ్మ జాడీ వంక చూసింది. ఆయన పాత పంతంతో అడగడంలేదు. ఆ ప్రశ్న తనకు ఎప్పుడూ తట్టలేదు.

"ఇది నేను రెండేండ్ల ముందరే అడగవలసిన మాట," అన్నాడు తిరుమలయ్య. "కండ్లు లేకపోయినా అడగొచ్చు."

తిరుగు ప్రయాణంలో పగడానికేమీ కాలేదు. శాంతయ్య స్టేషన్లోనే బుట్టలోకి తొంగి చూసి, తరవాత కూతురి ముఖం చూసి, బుట్ట అందుకున్నాడు. ఇంటికి వచ్చాక సంతోషమ్మ అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "రెండేండ్లు ఒక్కడే మోసినాడా!" అన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి పోయి, తాగేనీళ్లు వడగట్టే పింగాణీ గొట్టం ఒకటి అడిగి తెచ్చాడు. అందులోంచి నీళ్లు దిగడానికి పొద్దంతా పట్టింది. సీసా అడుగున మిగిలిన నీళ్లు, జాడీలోవి, ఒక్క చుక్క వదలకుండా వడగట్టారు. రెండు జాడీలకు బొటాబొటిగా వచ్చాయి.

ఒక జాడీ వెలుతురుకు, ఒకటి చీకటికి. పగడం మాత్రం ఒకటే ఉంది. దాన్ని రెండు చెయ్యాలి.

శాంతయ్య రాయిని తడిగుడ్డలో రెండు చేతులా పట్టుకున్నాడు. సంతోషమ్మ గుంటల మధ్య సందు చూసి ఉలి ఆనించింది. సుత్తి ఎత్తింది. దించలేక పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కానీ మా. నేను పట్టుకోనుండాను గదా."

ఒక్క దెబ్బ. రాయి పుటుక్కున రెండుగా విడిపోయింది. విరిగినచోట తెల్లగా కొత్తసున్నం. రెండు ముక్కలమీదా ఒక్క వేలూ కనబడలేదు. అన్నీ గుంటల్లోకి ముడుచుకుపోయాయి. ఆ సాయంత్రం విచ్చుకోలేదు. మర్నాడు ఉదయమూ విచ్చుకోలేదు. సంతోషమ్మ గంటకోసారి కిటికీ దగ్గరి జాడీ మీదికి వంగి చూసింది. మధ్యాహ్నం దాటాక శాంతయ్య డబ్బాలో నీళ్లు పోస్తూ, "సంతోషమ్మా, సూడు," అన్నాడు. కిటికీ దగ్గరి ముక్కలో ఒక గుంట చుట్టూ వేళ్లు బయటికి వచ్చాయి. ఆమె నల్లగుడ్డ పక్కకు తీసి చూసింది. అక్కడ కూడా. ఆమె నవ్వుతూ గుడ్డ మళ్లీ కప్పేసింది.

కమిటీ కూడే రోజున తిరుమలయ్య పొద్దుటి బండికి వస్తున్నాడని తెలిసి సంతోషమ్మ స్టేషనుకు వెళ్లింది. ఆయన ఏం చెప్పడానికి వస్తున్నాడో ఆమెకు తెలియదు. ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

ప్లాటుఫారం మీద కమిటీ కార్యదర్శి గోవిందయ్య అప్పటికే ఉన్నాడు. తలపాగా, కండువా, చేతిలో వెండిపొన్ను కర్ర. సంతోషమ్మను చూసి, "నీ విషయం అయిపోయింది గదమ్మా, మళ్లీ ఎందుకు వచ్చినావు?" అన్నాడు, కటువుగా కాదు, విసుగ్గా.

బండి ఆగింది. ముందు వరలక్ష్మమ్మ దిగింది. ఆమె గాజుల సద్దు మీద తిరుమలయ్య మెట్టు మెట్టు చూసుకున్నట్టే దిగాడు. తెలియనివాళ్లకు అనుమానం రాదు. గోవిందయ్య ఎదురువెళ్లి, నవ్వుతూ చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

వరలక్ష్మమ్మ చటుక్కున మాట అందుకుంది. "బండిలో ఎండ తగిలి ఆయనకు తల తిరగతా ఉండాది..." అని ఏదో అల్లబోయింది. ఎన్నోసార్లు అల్లినట్టే.

"ఉండు వరలక్ష్మీ," అన్నాడు తిరుమలయ్య. గొంతు వచ్చిన దిక్కుకు ముఖం తిప్పాడు. "ఎవరప్పా నా ముందర ఉండేది? నాకు కండ్లు కనబడవు."

గోవిందయ్య చెయ్యి దించాడు. "నేను సార్, గోవిందయ్యను. కండ్లు... ఎప్పటినుంచి?"

"రెండేండ్ల పైన. సంతోషమ్మ స్లైడులు నా దగ్గరికి రాకముందు నుంచే. ఒక్కటీ చూడలేదు నేను. చూడకుండానే కమిటీలో చెప్పినాను, చూడకుండానే సంతకం పెట్టినాను." ఆయన గొంతు తగ్గించలేదు. మూటలు దించుకుంటున్న జనం ఒకరిద్దరు ఆగి చూశారు. "ఈ మాట కమిటీలో కూడా చెప్తాను. నా కుర్చీ ఖాళీ చేస్తానని కూడా చెప్తాను. ఆ పిల్ల పని మాత్రం ఆపేదానికి లేదు. చూసేవాళ్లెవరినన్నా పిలిపించి మళ్లీ చూపించండి. జీవం ఇంకా ఉండాది, ఈ ఊర్లోనే."

గోవిందయ్య సంతోషమ్మ వంక చూశాడు. చూసి, కాస్త పక్కకు జరిగి, ఆమెకు దారి ఇచ్చాడు. "ఆఫీసుకు పోదాం సార్," అన్నాడు మెల్లగా. "అమ్మా, నువ్వు కూడా రా. లోపల కూచుందువు."

సంతోషమ్మ ముందుకు వచ్చి, వరలక్ష్మమ్మ చేతిలోంచి సంచీ అందుకుంది.

"వడగట్టినావా?" అని అడిగాడు తిరుమలయ్య, ఆమె అలికిడి పట్టి.

"వడగట్టినాను సార్. రెండు ముక్కలూ విచ్చుకున్నాయి."

"ఊఁ. ఇంగ ఓపిక పట్టల్ల."

ఎప్పటిలాగే వరలక్ష్మమ్మ ముందుకు అడుగువేసి గాజులు కదిలించింది. ఆయన కదలలేదు. అంతమంది మధ్య, ప్లాటుఫారం మీద, చెయ్యి ముందుకు చాపి నిలబడ్డాడు. ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గుతో అటూ ఇటూ చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో వీధిలో ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నది లేదు.

"పట్టుకో," అన్నాడాయన. "మెట్లు యాడుండాయో నాకు తెలీదు."

ఆమె కొంగు సర్దుకుని, ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా నడిచారు. గోవిందయ్య కర్రతో జనాన్ని పక్కకు తప్పించాడు. సంచీ భుజాన వేసుకుని సంతోషమ్మ వాళ్ల వెనకే వెళ్లింది.